పాత ఎంఎం 540 జీపుకు 2523 సీసీ టర్బో ఇంజన్: ఉద్దానం ఇసుకలో, మందస కొండల్లో ఏళ్ల తరబడి వాడిన తర్వాత

మహీంద్రా ఎంఎం 540 జీపుకు కంపెనీ పెట్టిన ఇంజన్ ప్యూజో ఎక్స్‌డీపీ 4.90. అది 2112 సీసీ డీజిల్ ఇంజన్. నిమిషానికి 4500 చుట్లు తిరిగినప్పుడు సుమారు 62 హార్స్ పవర్ ఇస్తుంది. 2016లో నేను దాన్ని దింపించి, బొలెరోలలో వచ్చిన ఎండీఐ 3200 టీసీ అనే 2523 సీసీ టర్బో డీజిల్ ఇంజన్ ఎక్కించాను. టర్బో అంటే పొగ బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే పరికరం. దీని శక్తి 63 హార్స్ పవర్. ఒక్క హార్స్ పవర్ కోసం ఇంత ఖర్చు ఎందుకని అప్పట్లో చాలామంది అడిగారు. తేడా శక్తిలో లేదు, లాగే బలంలో ఉంది. పాత ఇంజన్ 2000 చుట్ల దగ్గర సుమారు 120 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, ఇది 1500 చుట్ల దగ్గరే సుమారు 180 ఇస్తుంది. అంటే తక్కువ చుట్లకే ఒకటిన్నర రెట్ల బలం చేతికి వస్తుంది. మా ప్రాంతంలో బండికి కావలసింది అదే.

నా పని జీడితో. శ్రీకాకుళం జిల్లా పలాస చుట్టుపక్కల ఉద్దానం ఇసుక నేలల్లో కొన్ని తోటలు, మందస దాటాక మహేంద్రగిరి పాదాల దగ్గర కొండ వాలులో మరికొన్ని ఉన్నాయి. మార్చి నుంచి మే దాకా పిక్కలు దింపుకోవాలి. ఇక్కడ జీడి పిక్కల బస్తా అంటే 80 కిలోలు. అటువంటి బస్తాలు వేసుకుని రాళ్లు తేలిన కొండదారిలో ఎక్కుతూ దిగుతూ ఉంటే, ప్యూజో ఇంజన్‌ను ఎప్పుడూ 2500 చుట్ల పైనే ఉంచవలసి వచ్చేది. మలుపులో చుట్లు పడిపోతే మళ్లీ పుంజుకునేలోగా సగం క్లచ్ మీద బండిని నిలబెట్టాలి; వేసవిలో ఆ కాలిన వాసన అలవాటైపోయింది. ఆ ఇంజన్‌ను తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అది నున్నగా తిరుగుతుంది, శబ్దం తక్కువ, తారు రోడ్డు మీద ఉల్లాసంగా పరుగెడుతుంది. కానీ డీజిల్ నేరుగా సిలిండరులోకి కాక, పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లి మండే పాత పద్ధతిది. ఆ గది గోడల గుండా వేడి వృథాగా పోతుంది. చలికాలం ఉదయాల్లో హీటర్ ప్లగ్గులు ఎర్రబడేదాకా ఆగనిదే సెల్ఫ్ అందుకోదు. 2016 నాటికి దానికి మంచి విడిభాగాలు దొరకడం కూడా కష్టమైంది.

ఇంకా పెద్ద ఇంజన్లు ఉండగా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇదే కంపెనీ ఇదే వంశానికి చెందిన జీపుల్లో ఈ డీఐ (డీజిల్ నేరుగా సిలిండరులోకి వెళ్లి మండే) ఇంజన్‌ను పాత నాలుగు గేర్ల బాక్సుతో కలిపి అమ్మింది. అందువల్ల ఇంజన్‌కూ గేర్ బాక్సుకూ మధ్య ఉండే బెల్ హౌసింగ్ తయారుగా దొరుకుతుంది. వేరే కంపెనీ ఇంజన్ అయితే మధ్యలో లేత్ మీద తిప్పించిన అడాప్టర్ ప్లేటు పెట్టాలి. అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు అరుస్తూ అరుస్తూ పోతుంది. ఇలా పోయిన బళ్లు మా జిల్లాలోనే చూశాను. స్కార్పియోకు వచ్చిన 2609 సీసీ ఇంజన్ చవకగా దొరుకుతుందని ఒకరు చెప్పినా, దాని బలాన్ని నా పాత గేర్ బాక్సు, యాక్సిళ్లు ఎన్నాళ్లు తట్టుకుంటాయో ఆలోచించి వద్దనుకున్నాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇంజన్‌ను విజయవాడ ఆటోనగర్‌లో, ప్రమాదంలో దెబ్బతిన్న బండి నుంచి తీసినదాన్ని, బిల్లుతో సహా కొన్నాను. పని శ్రీకాకుళంలోని ఒక పాత మేస్త్రి దగ్గర జరిగింది. ఆయన ఇంజన్‌ను చూడకముందే ఛాసిస్‌ను సుత్తితో తట్టి చూశారు. సముద్రపు గాలికి ముందు క్రాస్ మెంబర్ దగ్గర లోపలి నుంచి తుప్పు తినేసింది. అక్కడ కొత్త ప్లేట్లు వెల్డింగ్ చేశాకనే మౌంటింగుల గురించి మాట్లాడారు. తీరప్రాంతంలో ఈ పని చేయించేవారు మొదట డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు అదే.

మౌంటింగులు కొత్తగా చేయించడం పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా ఇంజన్ కింది చమురు తొట్టికీ ముందు యాక్సిల్‌కూ మధ్య ఉండవలసిన ఖాళీ దగ్గర వచ్చింది. బండి నిలబడి ఉన్నప్పుడు అన్నీ సరిపోయినట్టే కనిపిస్తాయి. కానీ గుంతలో పడి ముందు స్ప్రింగు కట్టలు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు యాక్సిల్ మధ్యనున్న డిఫరెన్షియల్ గుండు పైకి వచ్చి ఆ తొట్టిని తాకితే, కొండ మీద చమురంతా కారిపోయి ఇంజన్ పట్టేస్తుంది. మేస్త్రి ముందు కట్టలను జాకీతో పూర్తిగా నొక్కి, అప్పటికీ రెండు వేళ్లు దూరే ఖాళీ మిగిలేలా మౌంటింగుల ఎత్తును నిర్ణయించారు. పోత ఇనుప ఇంజన్ కాబట్టి బరువు ఎక్కువ. ముందు కట్టల్లో ఒక్కో పట్టీ అదనంగా వేశాం. పాత రేడియేటర్ తీసేసి మందమైన కోర్ వేయించి, ఫ్యాను చుట్టూ రేకుతో గూడు కట్టించాం. ఆ గూడు లేకుండా నడిపి చూసినప్పుడు ఎక్కుడులో వేడి ముల్లు నిలకడగా పైకి పోయేది; అది బిగించాక మే నెల ఎండలో, నిండు బరువుతో కూడా మధ్యలోనే నిలబడుతోంది. బ్రేకులకు ఊతమిచ్చే వాక్యూం డీజిల్ ఇంజన్‌లో దానంతటదే పుట్టదు గనుక, ఆల్టర్నేటరుకు జతగా వచ్చే వాక్యూం పంపును ఇంజన్‌తో పాటే తెచ్చుకోవాలి. దీన్ని విడిగా కొనబోతే అనవసరంగా ఖర్చవుతుంది.

ఇక గేర్ల నిష్పత్తి. ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఇది. ప్యూజో 4500 చుట్లదాకా పోతుంది. డీఐ ఇంజన్ 3200 దగ్గరే ఆగిపోతుంది. నా యాక్సిళ్లలో చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్‌కు 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కు 8 పళ్లు ఉండేవి. 6.00-16 టైర్లతో లెక్క వేస్తే, టాప్ గేరులో 3200 చుట్లకు బండి గంటకు 80 కిలోమీటర్లు కూడా దాటదు. హరిపురం దగ్గర జాతీయ రహదారి ఎక్కాక 60 మీద పోతున్నా ఇంజన్ 2450 చుట్లు తిరుగుతూ హోరెత్తేది. కొన్ని నెలలు అలాగే నడిపి, తర్వాత క్రౌన్ పినియన్లను 39కి 8 పళ్ల జతతో మార్పించాను. ముందు, వెనుక రెండింటినీ ఒకేసారి మార్చాలి. రెండు యాక్సిళ్ల నిష్పత్తి వేరైతే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి అవి ఒకదానితో ఒకటి పెనుగులాడి, రెండింటికీ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసును పాడు చేస్తాయి. ఇప్పుడు 60 దగ్గర చుట్లు 2200కు దిగాయి. నిష్పత్తి తగ్గడం వల్ల కొండ మీద బలం పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. టాప్ గేరులో చక్రం దగ్గరికి చేరే టార్క్‌ను లెక్క కడితే, పాత ఇంజన్ పాత పళ్లతో ఇచ్చినదానికంటే కొత్త ఇంజన్ కొత్త పళ్లతో ఇచ్చేది ఇంకా మూడో వంతు ఎక్కువే ఉంది.

వాడకంలో తేడా మొదట తెలిసింది కొండ మీదే. మందస పైనున్న సవర గూడేల దారిలో ఇప్పుడు రెండో గేరులో, 1500 చుట్ల దగ్గర, క్లచ్ మీద కాలు పెట్టకుండా ఎక్కుతున్నాను. టర్బో అందుకునే ముందు, 1200 చుట్ల లోపల మాత్రం కొంత మందకొడితనం ఉంది. అక్కడ లో గేరు వేసుకోవడమే మంచిది. దిగేటప్పుడు ఇంజన్ పట్టు కూడా పెరిగింది. అయితే బరువుతో దిగేటప్పుడు దాన్నే నమ్ముకోకూడదు.

అసలు పరీక్ష 2018 అక్టోబరులో వచ్చింది. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరం దాటింది. ఉద్దానంలో తరాలుగా పెంచిన కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, ఊళ్ల దారులన్నీ మూసుకుపోయాయి. రోజుల తరబడి ఈ జీపు చేసిన పని ఒకటే: గొలుసు కట్టి, లో గేరులో, దారికి అడ్డం పడిన మొద్దులను పక్కకు ఈడ్చడం, ఖాళీ అయిన దారిలో నీళ్ల డ్రమ్ములు చేర్చడం. ఇంజన్ ఎక్కడా తడబడలేదు, వేడెక్కలేదు. వెనుక చక్రాలకు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టులోని క్రాసు (కీలు) ఒకటి విరిగింది. ముందు చక్రాల బలంతోనే ఇంటికి చేరాం. పాత ఇంజన్‌తో ఆ పని అయ్యేది కాదని చెప్పగలను, ఎందుకంటే అంతకు ముందు ఒక్క చిన్న మానును లాగడానికే క్లచ్ ప్లేటు పోగొట్టుకున్న బండి అది.

ఇసుకలో నా అభిప్రాయం వేరు. బారువ వైపు మెత్తటి ఇసుకలో తక్కువ చుట్లకే వచ్చే బలం మేలు చేస్తుంది, చక్రాలు అనవసరంగా తిరగవు. కానీ ముక్కు బరువు పెరిగినందువల్ల ముందు చక్రాలు పాత రోజులకంటే తొందరగా దిగబడుతున్నాయి. టైర్లలో గాలి 18 పౌండ్లకు దించితే తప్ప సుఖం లేదు. ప్రధానంగా ఇసుకలోనే తిరిగేవారికి ఈ మార్పు నేను చెప్పను. వారు ప్యూజోనే బాగు చేయించుకుని, వెడల్పు టైర్లు వేసుకోవడం మంచిది.

నష్టాలు ఇంకా ఉన్నాయి. నిలబడి ఉన్నప్పుడు అదురు ఎక్కువ; అద్దంలో వెనకాల వచ్చే బండి ఒకటా రెండా అన్నది తెలియదు. డీఐ ఇంజన్ కొట్టుకునే శబ్దం దూరప్రయాణంలో తల నొప్పి పుట్టిస్తుంది. క్రాసులు పూర్వం కంటే త్వరగా అరుగుతున్నాయి, అందుకే గ్రీజు విషయంలో అశ్రద్ధ చేయను. ఆపే ముందు ఒక నిమిషం ఊరికే తిరగనివ్వకపోతే టర్బో బేరింగులో చమురు మాడిపోతుంది. ఈ అలవాటు బండి నడిపే ప్రతివారికీ నేర్పాలి. ఎర్రమట్టి దుమ్ములో గాలి ఫిల్టరును సీజనంతా చూసుకుంటూ ఉండాలి, ఎందుకంటే ఫిల్టరు చిరిగితే ముందు పోయేది టర్బో రెక్కలే. ఇన్నేళ్లలో క్లచ్ ప్లేటు, వాటర్ పంపు మార్చాను. ఇంజన్ లోపల ఇంతవరకు విప్పలేదు. డీజిల్ లీటరుకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ వచ్చేది, ఇప్పుడు బరువుతో కూడా పన్నెండు దాటుతోంది.

ఖర్చు మొత్తం రెండు లక్షలకు దగ్గరగా అయింది. అందులో ఇంజన్ ధర సగం కూడా లేదు. మిగిలినదంతా ఛాసిస్, రేడియేటర్, కట్టలు, క్రౌన్ పినియన్లు, కూలీ. ఇంజన్ ధర ఒక్కటే చూసుకుని దిగినవారు డబ్బు చాలక సగంలో ఆపేసిన బళ్లు షెడ్లలో ఎండకు ఎండుతున్నాయి.

కాగితాల సంగతి అన్నిటికంటే ముఖ్యం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. నేను పనికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అనుమతి కోరి, ఇంజన్ బిల్లు, ఆ ఇంజన్ తీసిన బండి కాగితాలు చూపించి, తనిఖీ అయ్యాక కొత్త ఇంజన్ నంబరును ఆర్సీలో ఎక్కించుకున్నాను. ఆ తర్వాత 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ విషయంలో కఠినమైన తీర్పు ఇచ్చింది. కాబట్టి నాకు జరిగినట్టే ఇప్పుడూ జరుగుతుందని ఎవరూ అనుకోవద్దు. ఇంజన్‌కు బయానా ఇవ్వకముందే కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఇన్సూరెన్స్ వారికి కూడా తెలియజేయాలి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజున పాలసీ అక్కరకు రాకపోవచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి ఆర్సీ పునరుద్ధరణ తప్పదు, అప్పుడు ఇంజన్ మీద చెక్కిన నంబరును అద్ది మరీ చూస్తారు.

ఇంకా మిగిలిన పని బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్నాయి. వానలో మహేంద్రతనయ నది పాయ దాటాక కొంతదూరం అవి పట్టవు, తేలికగా నొక్కుతూ ఆరబెట్టుకోవాలి. బండి ఇప్పుడు ఎక్కువ బరువును ఎక్కువ వేగంతో మోస్తోంది గనుక ముందు చక్రాలకు డిస్కులు వేయించడానికి అనుమతి అడిగాను. అది వచ్చేదాకా కొండ దిగేటప్పుడు బస్తాలు తగ్గించే వేస్తున్నాం.