పిల్బరా ఫిఫో ఫ్లైట్లు: ఏళ్ల తరబడి ఎక్కి దిగాక నా రివ్యూ

వెస్ట్రన్ ఆస్ట్రేలియాలో పెర్త్‌లో కాపురం పెట్టి, ఉత్తరాన ఉన్న పిల్బరా మైన్స్‌కి ఫిఫో (ఫ్లై-ఇన్ ఫ్లై-అవుట్, అంటే విమానంలో సైట్‌కి పోయి కొన్ని రోజులు పనిచేసి మళ్ళీ విమానంలో ఇంటికి రావడం) చేసే మనవాళ్ళు ఇప్పుడు బాగానే పెరిగారు. కొత్తగా ఆఫర్ వచ్చినోళ్ళు ఫోన్ చేసి జీతం ఎంత, రోస్టర్ ఎట్లుంటది, క్యాంప్‌లో అన్నం దొరుకుద్దా అని అన్నీ అడుగుతారు గానీ ఏ ఎయిర్‌లైన్‌లో పంపిస్తారు అని మాత్రం అడగరు. టికెట్ కంపెనీదే కదా మనకెందుకు అనుకుంటారు. నేను మాత్రం ఆఫర్ లెటర్ చూడగానే అదే ముందు అడగమంటాను, ఎందుకో చెప్పడానికే ఇంత పెద్దగా రాస్తున్నా.

నాది కొత్తగూడెం, నాన్న సింగరేణి. అక్కడ షిఫ్ట్ బస్సు ఎట్లనో ఇక్కడ ఈ ఫ్లైట్ అట్ల, అది రాకపోతే డ్యూటీ లేదు, ఇల్లు లేదు. ఐరన్ ఓర్ సైట్లలో మెయింటెనెన్స్ ప్లానింగ్ నా పని, ఎక్కువ కాలం 8/6 రోస్టర్, అంటే ఎనిమిది రోజులు సైట్‌లో ఆరు రోజులు ఇంట్లో. కంపెనీలు, కాంట్రాక్టులు మారినప్పుడల్లా ఎయిర్‌లైన్ కూడా మారింది కాబట్టి క్వాంటాస్ వాళ్ళ నెట్‌వర్క్ ఏవియేషన్, వర్జిన్, అలయన్స్, స్కిప్పర్స్ అన్నీ ఎక్కాను.

ముందు ఒక విషయం క్లియర్‌గా చెప్పాలి. ఈ ఫ్లైట్లలో కూర్చునేది మనమే గానీ కస్టమర్ మనం కాదు, మైనింగ్ కంపెనీ. ఫ్లైట్లు రెండు రకాలు. న్యూమన్, కరాతా, పోర్ట్ హెడ్‌లాండ్, కల్గూర్లీ లాంటి ఊర్లకి మామూలు టికెట్ ఫ్లైట్లు ఉంటాయి, వాటిలో కంపెనీ సీట్లు బుక్ చేసి పంపుతది, పక్క సీట్లో టీచరమ్మో టూరిస్టో ఉండొచ్చు. రెండోది పూర్తిగా కంపెనీ మాట్లాడుకున్న చార్టర్, అది నేరుగా మైన్ పక్కనున్న సొంత ఎయిర్‌స్ట్రిప్‌లో దిగుద్ది. మైనింగ్ కంపెనీల్లో రాయ్ హిల్‌కి గిన్‌బాటా, రియో వాళ్ళకి బూల్‌గీడా, బీహెచ్‌పీకి కూండెవన్నా, బరిమున్యా ఇట్లాంటివి. అక్కడ ఊరు ఉండదు, దుకాణం ఉండదు, దిగితే ఎర్రమట్టి, బస్సు, క్యాంప్ అంతే. చార్టర్ కాంట్రాక్టులు ఏళ్ల లెక్కన రాసుకుంటారు, కాబట్టి ఎయిర్‌లైన్స్ మధ్య పోటీ అంతా టెండర్ టైమ్‌లోనే, సంతకం అయ్యాక మళ్ళీ టెండర్ దాకా మనకి ఎవడు వస్తే వాడే. అందుకే ఆ టెండర్‌లో నలుగురు నిలబడతారా ఇద్దరేనా అన్నది మనకి చాలా పెద్ద తేడా.

విమానాల సంగతికొస్తే, ఫిఫో అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఫోకర్ 100. ఆ కంపెనీ 1996లోనే దివాలా తీసింది, తర్వాతి ఏడాదితో తయారీ కూడా ఆగిపోయింది, అయినా ఇన్నేళ్ళుగా పెర్త్ నుంచి మైన్స్‌కి జనాన్ని మోసింది ఎక్కువగా ఇదే. ఒకవైపు మూడు ఒకవైపు రెండు సీట్లు, సుమారు వంద మంది. ఇంజిన్లు రెండూ తోక దగ్గర ఉంటాయి, అందుకని ముందు వరసల్లో కూర్చుంటే హాయిగా నిద్రపోవచ్చు, చివరి వరసల్లో పడితే మాత్రం కిటికీ బయట ఇంజిన్ తప్ప ఏం కనపడదు, చెవి పక్కనే మోత, నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చినోడికి అది నరకం. చెక్-ఇన్‌లో సీటు మార్చుకునే ఛాన్స్ ఉంటే ముందుకి మార్చుకోండి. పాత విమానం అని భయపడాల్సిన పని లేదు, గట్టి విమానం, బాగా మెయింటెయిన్ చేస్తారు. కాకపోతే వయసుతో పాటు రిపేర్లు పెరుగుతాయి, మెషీన్ ఏదైనా అంతే, నా పనే అది కాబట్టి నాకు తెలుసు.

అలయన్స్ 2020 నుంచి ఎంబ్రేయర్ 190లు కొనడం మొదలుపెట్టింది, అందులో రెండు-రెండు సీట్లు, మధ్య సీటు గోలే లేదు. భుజాలు వెడల్పున్న ఫిట్టర్లు, బాయిలర్‌మేకర్ల మధ్యలో ఇరుక్కుని రెండు గంటలు కూర్చున్నోళ్ళకి తెలుస్తది ఆ సుఖం. నా ఓటు ఎప్పుడూ ఎంబ్రేయర్‌కే. వర్జిన్ కూడా తన ఫోకర్ల ప్లేస్‌లో పెట్టడానికి 2024లో కొత్త ఎంబ్రేయర్ ఈ190-ఈ2లు ఎనిమిది ఆర్డర్ ఇచ్చింది, కొత్త ఇంజిన్లు, ఇంధనం ఖర్చు తగ్గించుకునే మైనింగ్ కంపెనీలకి అది నచ్చేదే. నెట్‌వర్క్ ఏవియేషన్ ఏ320లలో మనిషికి చోటు మామూలే గానీ పెద్ద విమానం కాబట్టి ఎండాకాలం కుదుపులు కొంచెం తక్కువ అనిపించింది. గోల్డ్‌ఫీల్డ్స్ వైపు చిన్న సైట్లకి డాష్ 8 ప్రొపెల్లర్ విమానాలు, వాటిలో పైన బిన్‌లో బ్యాక్‌ప్యాక్ కూడా సరిగ్గా పట్టదు, హెల్మెట్, బూట్లు చెక్-ఇన్ బ్యాగ్‌లో వేసేయండి.

ఎండ గురించి ఇక్కడే చెప్పేస్తా. జనవరిలో న్యూమన్ వైపు మధ్యాహ్నం 40 దాటితే గాలి పల్చబడి విమానం అంత బరువుతో లేవలేదు, అప్పుడు మనుషుల్ని ఎక్కించుకుని బ్యాగులు దించేస్తారు. అట్ల నా బ్యాగ్ మర్నాడు పెర్త్ చేరిన సందర్భాలు ఉన్నాయి. ఇంటి తాళం, కారు తాళం, మందులు ఎప్పుడూ చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఇక అసలు సంగతి లేటు. సీటు, టిఫిన్, పాయింట్లు అవన్నీ తర్వాత, ఫిఫో ఎయిర్‌లైన్‌ని నేను కొలిచేది ఒక్కదానితోనే, విమానం పాడైతే ఇంకొకటి పంపగలడా లేదా.

ఒకసారి జరిగింది చెప్తా, ఎయిర్‌లైన్ పేరు రాయను. ఫ్లై-అవుట్ రోజు మధ్యాహ్నం ఫ్లైట్. మా క్యాంప్‌లో రూమ్ మన పేరు మీద ఉండదు, స్వింగ్ (సైట్‌లో ఉండాల్సిన రోజులు) అయిపోయిన రోజు తెల్లారి షిఫ్ట్‌కి పోయే ముందే ఖాళీ చేసి తాళం ఇచ్చెయ్యాలి, సాయంత్రానికి అందులోకి వేరేవాళ్ళు వస్తారు. షిఫ్ట్ అయ్యింది, బస్సులో ఎయిర్‌స్ట్రిప్‌కి పోయాం, టెక్నికల్ ప్రాబ్లం అన్నారు, గంట అన్నారు, ఇంకో గంట అన్నారు. ఎయిర్‌స్ట్రిప్ అంటే రేకుల షెడ్డు, రెండు ఏసీలు, ఒక వాటర్ కూలర్. చీకటి పడ్డాక పైలట్ల డ్యూటీ టైమ్ అయిపోయింది, ఈరోజు ఇక లేదు అన్నారు. వెనక్కి క్యాంప్‌కి వస్తే రూములు ఫుల్, కొందరిని వేరే క్యాంప్‌కి బస్సులో పంపారు, మాకు అర్ధరాత్రి దాకా డైనింగ్ హాల్‌లో కుర్చీలే. నా పక్కన కూర్చున్న క్రేన్ ఆపరేటర్ వాళ్ళ పాప పుట్టినరోజు మర్నాడే, ఫోన్‌లో ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక బయటికి పోయి చాలాసేపు నిలబడ్డాడు. ఆరు రోజుల సెలవులో ఒక రోజు పోతే ఎవడూ తిరిగి ఇవ్వడు. జీతం ఇస్తారు కొన్ని చోట్ల, రోజు ఇవ్వరు.

అదే ఇంకో సైట్‌లో ఉన్నప్పుడు అచ్చం అట్లాంటి రిపేరే వచ్చింది, పెర్త్ నుంచి వేరే విమానం లేపి పంపారు, మూడు గంటల లేటుతో ఇల్లు చేరా. రెండు ఎయిర్‌లైన్స్ సిబ్బందీ మంచోళ్ళే, రెండు విమానాలూ ఒకే మోడల్. తేడా ఏంటంటే రెండోవాళ్ళ దగ్గర పెర్త్‌లో పైలట్లతో సహా స్పేర్ విమానం రెడీగా ఉంది. స్పేర్ అంటే ఊరికే నిలబెట్టి జీతాలు, పార్కింగ్ కట్టే విమానం, డబ్బు దండగలా కనపడే ఆ ఖర్చు ఏ ఎయిర్‌లైన్ అయినా ఎప్పుడు పెట్టుకుంటదంటే, పెట్టుకోకపోతే కాంట్రాక్ట్ పక్కోడు ఎగరేసుకుపోతాడని భయం ఉన్నప్పుడే.

అందుకే క్వాంటాస్-అలయన్స్ కథని నేను క్రికెట్ స్కోర్ చూసినట్టు ఫాలో అయ్యా. క్వాంటాస్ 2019లోనే అలయన్స్‌లో 20 శాతానికి కాస్త తక్కువ వాటా కొన్నది. 2022 మేలో మిగతాది కూడా కొంటాం అని ప్రకటించింది, సుమారు 61 కోట్ల డాలర్ల డీల్. ఇక్కడి కాంపిటీషన్ కమిషన్ ఏసీసీసీ దాన్ని ఏడాది దాకా పరిశీలించి 2023 ఏప్రిల్‌లో ఒప్పుకోం అని చెప్పేసింది, వెస్ట్రన్ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్‌లో మైనింగ్ వర్కర్లని మోసే ఫ్లైట్లలో ఈ ఇద్దరూ గట్టి పోటీదారులు, కలిస్తే రేట్లు పెరిగి సర్వీస్ పడిపోతది అనేది వాళ్ళ వాదన. అదే ఏడాది అక్టోబర్‌లో డీల్ రద్దయింది. ఆ వార్త వచ్చిన రోజు మా క్రిబ్ రూమ్‌లో (సైట్‌లో తినే గది) ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, షేర్లున్న ఒకాయన తప్ప. నాకైతే చాలా సంతోషం అనిపించింది, ఎందుకంటే అంతకుముందే ఒక్కొక్కటీ పెద్దోళ్ళ చేతిలోకి పోవడం చూశా. నెట్‌వర్క్ ఏవియేషన్‌ని 2011లో క్వాంటాస్ కొన్నది, స్కైవెస్ట్‌ని 2013లో వర్జిన్ కొన్నది, కాబమ్ వాళ్ళ మైనింగ్ ఫ్లైట్ల బిజినెస్‌ని 2022లో రెక్స్ కొన్నది, ఆ రెక్సే 2024 జులైలో అడ్మినిస్ట్రేషన్‌లోకి (అప్పులు తీర్చలేక బయటివాళ్ళ చేతికి అప్పగించడం) పోయింది. కొత్తోడు రావాలంటే అంత ఈజీ కాదు, విమానాలు దొరకాలి, పైలట్లు, ఇంజినీర్లు దొరకాలి, మైనింగ్ కంపెనీ సేఫ్టీ ఆడిట్‌లు పాసవ్వాలి. ఉన్నోళ్ళని కాపాడుకోవడమే దారి.

కానీ పూర్తిగా నిశ్చింతగా ఉండొద్దు. క్వాంటాస్ తన రూట్లలో తిప్పుకునే ఎంబ్రేయర్లు అలయన్స్ నుంచే పైలట్లతో సహా లీజుకి తీసుకున్నవి, అంటే పోటీదారుడే సప్లయర్ కూడా. ఆ విమానాలు అక్కడ తిరుగుతుంటే ఇక్కడ మైనింగ్ టెండర్లకి మిగిలేవి ఎన్ని అని నాకు అనుమానం వస్తనే ఉంటది. ఇంకోటి, 2023 అక్టోబర్‌లో నెట్‌వర్క్ ఏవియేషన్ పైలట్లు జీతాల గురించి 24 గంటలు స్ట్రైక్ చేశారు. చాలామంది తిట్టారు, నేను తిట్టలేదు. తెల్లారగట్ల లేచి మనల్ని ఎర్రమట్టి మధ్య రన్‌వే మీద భద్రంగా దించేటోళ్ళకి సరైన జీతం అడిగే హక్కు ఉంది. ఒక సైట్ అంతా ఒకే ఎయిర్‌లైన్ మీద ఆధారపడితే ఏమవుద్దో ఆ స్ట్రైక్‌లో మేనేజర్లకి కూడా అర్థమయ్యుంటది.

కోవిడ్ టైమ్‌లో మాత్రం అందరికీ దండం పెట్టాలి. రాష్ట్ర బోర్డర్ 2020 ఏప్రిల్ నుంచి 2022 మార్చి దాకా మూసో, ఆంక్షలతోనో ఉంది, వర్జిన్ ఏమో 2020లో అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయింది, అయినా మైన్ ఫ్లైట్లు ఆగలేదు, మధ్యలో సీట్లు ఖాళీ వదిలి ఎక్కువ ఫ్లైట్లు వేసి మరీ తిప్పారు. ఆ పైలట్లు, క్యాబిన్ క్రూ వల్లే మా ఇళ్ళల్లో జీతం ఆగలేదు.

మన జేబులోంచి పెట్టుకునే టికెట్ల సంగతి వేరే. స్కూల్ సెలవుల్లో ఇంటివాళ్ళని కరాతాకి రప్పించుకుందామంటే రేటు చూసి గుండె ఆగుద్ది, అదే డబ్బుతో బాలీ పోయి రావచ్చు. ఇద్దరు ఎయిర్‌లైన్స్ తిరిగే రూట్‌లో ముందు బుక్ చేస్తే కొంచెం నయం, ఒక్కరే ఉన్న రూట్‌లో ముందైనా వెనకైనా ఒకటే బాదుడు. ప్రభుత్వం 2022 జులైలో ఫేర్ క్యాప్ (టికెట్ రేటు ఇంతకి మించకూడదని) పెట్టింది, దగ్గర ఊర్లకి ఒక వైపు 199 డాలర్లు, 1000 కిలోమీటర్లు దాటితే 299, కానీ అది ఆ రీజినల్ ఊర్లలో కాపురం ఉండేవాళ్ళకే, పెర్త్‌లో ఉండే మనకి రాదు. ఫ్యామిలీతో కరాతాకో హెడ్‌లాండ్‌కో మారిపోదామా అని ఆలోచించేవాళ్ళు ఈ లెక్క కూడా వేసుకోండి.

ఎయిర్‌పోర్ట్ గురించి కొత్తవాళ్ళకి ఒక్క మాట. పెర్త్‌లో టెర్మినల్స్ రెండు వేర్వేరు వైపులు, టీ1, టీ2 ఒకవైపు, క్వాంటాస్ వాళ్ళ టీ3, టీ4 రన్‌వేకి అవతల, నడిచిపోయే దూరం కాదు. 2022లో ఎయిర్‌పోర్ట్ రైలు వచ్చింది గానీ తెల్లారుజాము ఫ్లైట్‌కి మొదటి రైలు అందదు, ఎవరైనా దింపాల్సిందే, లేకపోతే కారు పార్కింగ్. నాలుగున్నరకి పోతే చూడాలి, లైన్ మొత్తం ఆరెంజ్, పసుపు చొక్కాలే, ఎవరూ మాట్లాడరు, కాఫీ మెషీన్ చప్పుడు ఒక్కటే. సైట్‌లో దిగగానే ఆల్కహాల్ టెస్ట్ ఉంటది కాబట్టి ముందురోజు పార్టీలు వద్దు. తిండి ఫ్లైట్‌ని బట్టి మారుద్ది, చార్టర్‌లో ఎక్కువసార్లు ఎగ్-బేకన్ రోల్, శాకాహారులకి మఫిన్ దొరికితే అదృష్టం, నేను చపాతీ చుట్టలో బంగాళాదుంప కూర పెట్టుకుని పోతా, రాష్ట్రం లోపలే కాబట్టి ఎవరూ ఆపలేదు. చార్టర్‌లో నాకు ఎప్పుడూ పాయింట్లు పడలేదు, టికెట్ ఫ్లైట్లలోనే పడ్డాయి, ఇండియా టికెట్ అప్‌గ్రేడ్‌కి అవి బాగా పనికొచ్చాయి.

స్టార్లు ఇమ్మంటే సౌకర్యానికి ఎంబ్రేయర్ నాలుగున్నర, ఏ320 మూడున్నర, ఫోకర్ ముందు వరస నాలుగు, చివరి వరస రెండు. ఎయిర్‌లైన్స్‌కి స్టార్లు ఇవ్వను, ఎందుకంటే ఒకే ఎయిర్‌లైన్ ఒక సైట్‌లో బంగారం, ఇంకో సైట్‌లో అధ్వాన్నం అవ్వడం చూశా, అంతా ఆ కాంట్రాక్ట్‌లో ఏం రాసుకున్నారన్నదాన్ని బట్టే. అందుకే జాబ్ తీసుకునేముందు అక్కడ పనిచేసేవాళ్ళనే అడగండి, పోయిన ఎండాకాలం ఎన్నిసార్లు రాత్రి ఇరుక్కుపోయారు, స్పేర్ విమానం వచ్చిందా లేదా అని. మా సైట్‌లో ఈ ఏడాది ఫ్లైట్ కాంట్రాక్ట్ మళ్ళీ టెండర్‌కి వస్తంది, ఉద్యోగుల సర్వే ఫారం పంపారు. సీట్లు, తిండి, వైఫై అన్నిటికీ టిక్కులు పెట్టమన్నారు, కింద ఖాళీ డబ్బాలో మా క్రూ అంతా కలిసి ఒకటే రాశాం: పెర్త్‌లో పైలట్లతో సహా స్పేర్ విమానం ఉండాలి, ఫ్లైట్ క్యాన్సిల్ అయిన రాత్రికి పడుకోవడానికి రూమ్ ఉండాలి, ఈ రెండూ కాంట్రాక్ట్‌లో రాయించండి అని.