500 ఎన్‌ఎం ఫార్చ్యూనర్ ఆటోమేటిక్: హైవే మీద, సుంకి ఘాట్‌లో లక్ష కిలోమీటర్ల తర్వాత

2021 జనవరిలో వచ్చిన టయోటా ఫార్చ్యూనర్ 2.8 డీజిల్‌లో ఆటోమేటిక్‌కి టార్క్ (ఇంజను తిప్పే బలం) 450 నుంచి 500 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్ల)కి పెంచారు. అదే ఇంజను మాన్యువల్‌తో వస్తే 420 మాత్రమే. బరువైన పనికి మాన్యువలే గట్టిదని మన వైపు ఇంకా అనుకుంటారు కానీ, ఈ బండి విషయంలో అది తప్పు.

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద దీనికి వంక పెట్టలేం. 1,600 నుంచి 2,800 ఆర్‌పీఎం మధ్యే పూర్తి టార్క్ అందుతుంది. లారీని దాటాలంటే యాక్సిలరేటర్ సగం తొక్కితే చాలు.

అసలు పరీక్ష సాలూరు దాటాకే. ఒడిశా వైపు కొండ ఎక్కే సుంకి ఘాట్‌లో లోడు లారీ వెనక పడి పది, పదిహేను వేగంతో ఎక్కుతున్నప్పుడు, ఇంజను శక్తిని గేరుబాక్సుకి అందించే టార్క్ కన్వర్టర్ లాక్ కాదు, అంటే రెండూ నేరుగా కలిసి తిరగవు. శక్తి అంతా ఆయిలు గుండానే వెళ్తుంది, ఆ జారుడంతా వేడిగా మారుతుంది. అలాంటి చోట గేర్లన్నీ తనే మార్చుకునే డి (డ్రైవ్)లో వదిలేయకండి. పై గేరు హద్దు మనమే పెట్టే ఎస్‌లోకి తెచ్చి 3వ గేరు దాటనివ్వకండి, మరీ నెమ్మదైతే 2. దిగేటప్పుడూ అంతే, బ్రేకులు కాలిపోకుండా ఉంటాయి. గేరుబాక్సు ఆయిలు వేడెక్కిందని హెచ్చరిక వస్తే పక్కకు ఆపి, పి (పార్కింగ్)లో పెట్టి, ఇంజను మాత్రం ఆడనివ్వాలి. ఆపేస్తే కూలర్‌లోకి ఆయిలు తిరగదు.

ఇక గేరుబాక్సు ఆయిలు. సర్వీసు సెంటర్‌లో ‘జీవితకాలం మార్చక్కర్లేదు’ అన్నారు. ఘాట్‌లు ఎక్కే బండికి ఆ మాట నమ్మొద్దు, 60 వేల కిలోమీటర్లకు మార్పించండి. వెయ్యాల్సింది టయోటా గేరుబాక్సు ఆయిలు, డబ్ల్యూఎస్ రకమే. డ్రెయిన్ ప్లగ్ విప్పితే మొత్తం దిగదు, చాలా భాగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. ఒక్కసారికి 40 శాతం మారుతుందనుకుంటే, మధ్యలో బండి నడుపుతూ మూడుసార్లు చేస్తే దాదాపు 78 శాతం కొత్తది అవుతుంది. దిగిన ఆయిలు కొలిచి, అంతే పొయ్యాలి. చివరి లెవెల్ మాత్రం ఇంజను ఆడుతుండగా, కంపెనీ మాన్యువల్ పుస్తకంలో చెప్పిన ఆయిలు వేడి దగ్గరే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి నింపితే, వేడెక్కి ఉబ్బాక ఎక్కువైపోతుంది. గేరుబాక్సు అడుగున ఉండే ఆయిలు పాన్ విప్పితే కొత్త గాస్కెట్ వెయ్యండి, లోపలి అయస్కాంతాలు చూడండి: బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే, పెచ్చులు కనిపిస్తే మాత్రం లోపల ఏదో అరుగుతోంది.

ఏ ఆటోమేటిక్‌లోనైనా 60, 80 మధ్య వేగంలో యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కినప్పుడు గతుకుల పట్టీల మీద వెళ్తున్నట్టు బండి వణికితే, గేరుబాక్సు విప్పించేయకండి. పాతబడిన ఆయిలు వల్ల, కన్వర్టర్‌ని లాక్ చేసే లాకప్ క్లచ్ పట్టుకుంటూ వదులుతూ ఉంటుంది. చాలాసార్లు ఆయిలు మారిస్తేనే పోతుంది.

రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి టార్క్ ఇంకా పెంచుతామనే వాళ్లున్నారు. వద్దు. లోపలి క్లచ్‌లను నొక్కిపట్టే ఆయిలు ఒత్తిడి కంపెనీ ఇచ్చిన టార్క్‌కి సరిపోయేలా పెట్టిందే. ఇంజను ఒక్కదాన్నే పెంచితే ఆ క్లచ్‌లు జారి కాలతాయి.

వాడిన బండి కొనేవాళ్లకి ఒక మాట. నాగావళి, వంశధార వరదల్లో మునిగిన బళ్లు కూడా అమ్మకానికి రావచ్చు. కొనేముందు కొంచెం గేరుబాక్సు ఆయిలు తీయించి చూడండి. పాలల్లో రోజా సిరప్ కలిపిన రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే. నీళ్లకి క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పొర ఊడొస్తుంది. ఆ బండి ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి.