స్కూల్ ఎలా ఉందో చూడాలంటే ప్రొఫిషియెన్సీ చూడాలా, గ్రోత్ చూడాలా?

అమెరికాలో పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్ వెతికేవాళ్ళు ముందు చూసేది ప్రొఫిషియెన్సీ శాతమే, అంటే స్టేట్ టెస్ట్‌లో ఎంతమంది పిల్లలు స్టేట్ పెట్టిన స్కోరు గీత దాటారు అని. 2015లో వచ్చిన ఎస్సా (ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్) అనే ఫెడరల్ విద్యా చట్టం వల్ల 3 నుంచి 8 తరగతులకి ఏటా రీడింగ్, మ్యాథ్ టెస్టులు తప్పనిసరి కాబట్టి ఆ నంబర్ ఈజీగా దొరుకుతుంది. కానీ అందులో బడి ఎంత, ఇంటి ఆదాయం ఎంత అనేది విడదీయలేం, అదే నా బాధ.

గ్రోత్ వేరు, పోయినేడాది ఎక్కడున్నారు, ఇప్పుడెక్కడున్నారు అని చూస్తుంది. ఇంగ్లీష్ అప్పుడే నేర్చుకుంటూ మూడో తరగతిలో ఒక్క పేరాకే తడబడిన పాప నాలుగుకొచ్చేసరికి పేజీ మొత్తం గడగడా చదివేసినా గీతకి కాస్త కిందుంటే ప్రొఫిషియెన్సీ లెక్కలో ఆ పాప లేనట్టే, టీచర్ కష్టం కూడా లేనట్టే, గ్రోత్‌లోనే అది కనిపిస్తుంది. నా ఓటు దీనికే. కాకపోతే మూడో తరగతి టెస్టే మొదటిది కాబట్టి చాలాచోట్ల గ్రోత్ లెక్క నాలుగు నుంచే మొదలవుతుంది, పిల్లలు తక్కువున్న స్కూల్లో ఏడాదికేడాది బాగా ఊగుతుంది కూడా, మూడేళ్ళవి కలిపి చూడండి.

ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లలకిచ్చే ఫ్రీ లంచ్ శాతం చూసి స్కూల్లో పేదరికం అంచనా వేసేవాళ్ళూ జాగ్రత్త, కొన్ని స్కూళ్ళలో ఇప్పుడు ఆదాయంతో పనిలేకుండా అందరికీ ఫ్రీగానే పెడుతున్నారు.