సున్నా బై సున్నా వస్తే ఏది మేలు: లోపితాలా, సిరీసా?

లిమిట్‌లో (ఎక్స్ ఒక విలువకు చేరుతుంటే లెక్క దేనికి చేరుతుందో చూడటంలో) సున్నా బై సున్నా కనబడగానే మా పిల్లల్లో సగం మంది ‘ఎల్-హాస్పిటల్ రూల్’ అంటూ మొదలుపెట్టేస్తారు. ఆస్పత్రికీ దీనికీ సంబంధం లేదు. అది ఫ్రెంచి పేరు, లోపితాల్ అని పలకాలి. 1696లో ఆయన వేసిన పుస్తకం వల్ల పేరు ఆయనకు దక్కింది గానీ, రూలు కనిపెట్టింది యోహాన్ బెర్నూలీ.

ఈ లెక్క చూడండి. పైన ట్యాన్ ఎక్స్ − సైన్ ఎక్స్, కింద ఎక్స్³. ఎక్స్ సున్నాకు చేరుతోంది.

లోపితాల్ దారిలో, అంటే పైనా కిందా విడివిడిగా డిఫరెన్షియేట్ చేస్తూ వెళ్తే, మొదటిసారి పైన సెక్² ఎక్స్ − కాస్ ఎక్స్, కింద 3ఎక్స్². ఇంకా సున్నా బై సున్నాయే. రెండోసారి పైన 2 సెక్² ఎక్స్ ట్యాన్ ఎక్స్ + సైన్ ఎక్స్, కింద 6ఎక్స్. మళ్ళీ అదే కథ. మూడోసారికి గానీ తేలదు: (2 + 1)/6, అంటే 1/2. మధ్యలో ఆ 2 వదిలేస్తే 1/3 వస్తుంది. చూడ్డానికి అదీ ముచ్చటగానే ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

సిరీస్‌లో, అంటే ఎక్స్ పవర్ల కూడికగా రాసుకుంటే, ట్యాన్ ఎక్స్ అంటే ఎక్స్ + ఎక్స్³/3 + …, సైన్ ఎక్స్ అంటే ఎక్స్ − ఎక్స్³/6 + …. తీసేస్తే ఎక్స్³/2. అయిపోయింది! చిక్కంతా ఎక్కడ ఆపాలన్న దగ్గరే. మొదటి పదంతో ఆపితే పైన ఏమీ మిగలదు, జవాబు సున్నా అని రాసేస్తారు. కింద క్యూబ్ ఉంటే పైన కూడా కనీసం క్యూబ్ దాకా రాయాలి.

అసలు ఈ రెండూ లేకుండానే పని జరుగుతుంది. ట్యాన్ ఎక్స్ కామన్ తీస్తే గుణకారంలో రెండు ముక్కలు వస్తాయి: (ట్యాన్ ఎక్స్)/ఎక్స్, (1 − కాస్ ఎక్స్)/ఎక్స్². మొదటిది 1, రెండోది 1/2. ఇంటర్ పరీక్షలో స్టెప్పులు చూపించాలి కాబట్టి అక్కడ నా ఓటు దీనికే. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, వాటిలో లెక్కలే 80. అక్కడ మాత్రం సిరీస్ వాడేయమంటాను.

ఎక్స్ సున్నాకు కాక 1కి చేరుతుంటే కథ మారుతుంది. (లాగ్ ఎక్స్)/(ఎక్స్² − 1) తీసుకోండి. సిరీస్ కావాలంటే ముందు ఎక్స్‌ను 1 + హెచ్‌గా మార్చుకోవాలి. లోపితాల్‌కు ఒక్క దెబ్బ చాలు: పైన 1/ఎక్స్, కింద 2ఎక్స్, జవాబు 1/2.

అలాగని గుడ్డిగా నమ్మకండి. ఎక్స్ అనంతానికి పోతున్నప్పుడు (ఎక్స్ + సైన్ ఎక్స్)/ఎక్స్‌కి రూలు వేస్తే 1 + కాస్ ఎక్స్ వచ్చి 0కీ 2కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. దాంతో లిమిట్ లేదని టిక్ పెట్టేస్తారు. పైనా కిందా ఎక్స్‌తో భాగించి చూస్తే అది హాయిగా 1.