త్రీడీ పటంతో భూగోళ పాఠం: ఎత్తుల గ్రాఫు గురించి ఒక సమీక్ష

జమ్మలమడుగు ప్రాంతంలో హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పే నేను, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఉచిత త్రీడీ పటాన్ని కొన్నేళ్లుగా తరగతిలో వాడుతున్నాను. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, పటం మీద గీత గీస్తే ఆ దారి పొడవునా నేల ఎత్తుపల్లాలను గ్రాఫుగా చూపే సదుపాయం. కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గరగా ఉంటే వాలు ఎక్కువని బట్టీపట్టి రాసే పిల్లలు, ఎర్రమల కొండల మీదుగా పెన్నా దాకా గీసిన గీత తెర మీద పైకి లేచి, నది దగ్గర ఒక్కసారిగా కిందికి దిగడం చూసి, ఆ రేఖలు అక్కడ ఎందుకు దగ్గరవుతాయో నేను అడగకముందే చెప్పారు.

ఆ ఉత్సాహంతోనే గండికోట లోయను త్రీడీలో దగ్గరగా చూపించాను. కొండ అంచు నుంచి నీటి దాకా ఏటవాలుగా జారిన నేల, దాని మీద చారలుగా సాగిన రాతి రంగులు కనిపించాయి. సెలవుల్లో అక్కడికి వెళ్లొచ్చిన ఒక అమ్మాయి లేచి, "అట్లుండదు సార్, ఆడ రాయి గోడ మాదిరి నిటారుగా నిలబడింటాది" అంది. ఆమె చెప్పిందే నిజం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులు ఇలాంటి పటాలకు ఒక ముఖ్య ఆధారం. వాటిలో సుమారు 30 మీటర్లకు ఒక ఎత్తు మాత్రమే ఉంటుంది కాబట్టి, అంతకంటే తక్కువ దూరంలో నిలువునా దిగే కొండచరియ వాలుగా మారిపోతుంది. పైనుంచి తీసిన చిత్రంలో నిలువు రాతి ముఖం దాదాపు కనిపించదు గనుక, ఉన్న కొద్దిపాటి రంగునే ఆ వాలంతా సాగదీసి పరుస్తారు. ఆ రోజు మిగిలిన పీరియడంతా దీని గురించే మాట్లాడుకున్నాం. నాకు ఎంతో తృప్తినిచ్చిన పాఠం అది.

గ్రాఫును కూడా ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా చూపిస్తున్నాను. నిలువు కొలత తెరకు సరిపడేలా సాగుతుంది కాబట్టి, జమ్మలమడుగు చుట్టుపక్కల చదునైన పొలాలు కూడా కొండల్లా కనిపిస్తాయి. ముందుగా అంచున ఉన్న అంకెలు చదివించాలి.

మా పిల్లలకు గండికోట దగ్గరే కాబట్టి, తెర తప్పు చూపితే పట్టుకోగలరు. కొండ చూడని పిల్లలున్న బడిలోనైతే, 1:50,000 టోపోషీటు (కాంటూరు రేఖలతో ఎత్తులు చూపే పటం) పక్కన పెట్టుకోకుండా దీన్ని ఒంటరిగా వాడమని నేను చెప్పను.