నెల్లూరులో నీలం దుప్పటి ఫోటోలు చూసి కుక్కపిల్లను బుక్ చేసుకున్నవాళ్ళు ముందు ఇది చదవండి

నిన్న రాత్రి 11 గంటలకి మా కుక్కపిల్ల నేరేడును పాతిపెట్టి వచ్చాం. ఊరి బయట మా పెదనాన్న గారి చేలో, డాక్టర్ చెప్పినట్టు లోతుగా తవ్వి సున్నం పోసి మరీ పూడ్చాం. రాత్రంతా నిద్ర లేదు. కోపం చల్లారితే మళ్ళీ రాయలేనేమో అని ఇప్పుడే రాస్తున్నాను. దాన్ని మాకు అమ్మిన మనిషి దగ్గర ఇంకా పిల్లలున్నాయి, ఇంకా అమ్ముతూనే ఉన్నాడు.

ఎవరో చెప్పక్కర్లేదు. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పెట్స్ గ్రూపుల్లో ఉన్న అందరికీ తెలిసిన మనిషే. నెమళ్ళ బొమ్మలున్న నీలం దుప్పటి మీద పిల్లలను వరసగా కూర్చోబెట్టి ఫోటోలు పెట్టే ఆయన. నల్ల లాబ్రడార్, ఆడపిల్ల, 50 రోజులు, మొదటి టీకా అయిపోయింది అన్నాడు. 12,000 చెప్పి 11,000కి ఒప్పుకున్నాడు. మా పాప రెండేళ్ళుగా అడుగుతోంది. మా ఆవిడ చీటీ పాడుకున్న డబ్బుల్లోంచి తీసి ఫోన్‌పే చేశాను.

ఇంటికొచ్చి చూస్తాం, తల్లిని కూడా చూడాలని ఉంది అని అడిగాను. "ఎందుకు సార్ మీకు శ్రమ, ఆత్మకూరు బస్టాండ్ దగ్గరికి వచ్చేయండి, నేనే తెస్తా" అన్నాడు. బిస్కెట్ల అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు. బండి కూడా దిగలేదు. అక్కడే వెనక్కి తిరిగి వచ్చేయాల్సింది. తల్లిని చూపించని వాడి దగ్గర పిల్లను తీసుకోకూడదని నాకు తెలుసు, మా నాన్న గేదెల్ని కొనేటప్పుడు కొట్టం దాకా వెళ్ళి చూడకుండా బయానా ఇచ్చేవాడు కాదు. అయినా పాప అప్పటికే పెట్టెలో చెయ్యి పెట్టేసింది. అది వేలు నాకుతోంది. నేను నోరు మూసుకుని తీసుకున్నాను.

ఆదివారం తెచ్చాం. పాపే నేరేడు అని పేరు పెట్టింది, అంత నలుపు, ఛాతీ మీద మాత్రం వడ్లగింజంత తెల్ల మచ్చ. సోమవారం ఇల్లంతా తిరిగింది. మంగళవారం రాత్రి పాలు ముట్టలేదు. వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. "నీళ్ళు మారాయి సార్, అంతే. పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టండి, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాడు. నమ్మాను. రాత్రి 2 గంటలకి నురగ వాంతి చేసుకుంటే కూడా నీళ్ళు మారడమే అనుకుని, తుడిచి, గ్లూకోజ్ నీళ్ళు పట్టి పడుకున్నాను. ఆ రాత్రి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. తెల్లారి చూస్తే గోనెపట్టా మీద నెత్తురు విరేచనం. ఆ వాసన ఒకసారి చూసినవాళ్ళు జన్మలో మర్చిపోరు. కుళ్ళిన మాంసం, ఇనుము కలిసిన వాసన.

కావలిలో మాకు తెలిసిన పశువుల డాక్టర్ చూడగానే పార్వోలా ఉంది, కుక్కపిల్లల్ని చంపే వైరస్ జబ్బు, ఇక్కడ రోజంతా సెలైన్ పెట్టి చూసుకోవడం కష్టం, నెల్లూరు తీసుకెళ్ళండి అన్నారు. కారు మాట్లాడుకుని వెళ్ళాం. నెల్లూరు డాక్టర్ గారు మెడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలారు. అది కిందికి దిగలేదు, గుడారంలా అట్టాగే నిలబడిపోయింది. ఒంట్లో నీళ్ళు లేవు అన్నారు. కిట్ మీద పరీక్ష చేస్తే పది నిమిషాల్లో రెండో గీత పడింది. పార్వో. రక్తపరీక్షలో తెల్ల కణాలు 1,900. మామూలుగా 6,000కి పైన ఉండాలట. ఈ వైరస్ ఒంట్లో వేగంగా పుట్టే కణాల మీద పడుతుంది, పేగు లోపలి పొర, ఎముక మజ్జ రెండూ దెబ్బతింటాయి, అందుకే నెత్తురు విరేచనాలు, అందుకే తెల్ల కణాలు పడిపోవడం అని ఓపిగ్గా చెప్పారు. మందు వేసి చంపే వైరస్ కాదు. పోయిన నీళ్ళు సెలైన్‌తో ఎక్కించాలి, వాంతులు ఆపాలి, వేరే ఇన్ఫెక్షన్ అంటకుండా యాంటీబయాటిక్ ఇవ్వాలి, తట్టుకోవడం దాని వంతు.

తర్వాత నోరు తెరిచి పళ్ళు చూశారు. ముందు పళ్ళు అప్పుడే పొడుచుకొస్తున్నాయి, వెనక దంతాలు ఒక్కటి కూడా రాలేదు. "50 రోజులని ఎవరన్నారు? దీనికి 5 వారాలు కూడా కష్టమే" అన్నారు. టీకా కార్డు చూపించాను. టీకా సీసా మీద ఉండే స్టిక్కర్ పీకి కార్డులో అంటించాలి, పక్కన డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. మా కార్డులో పెన్నుతో ఒక టిక్కు, ఒక గుండ్రటి ముద్ర, అంతే. ఆ ముద్ర కూడా అమ్మినాయన కెన్నెల్‌దే. నేను ఆదివారం ఆ కార్డును చేతిలో పట్టుకుని చూశాను కూడా. ముద్ర ఉంది కదా అనుకున్నాను.

ఇక అసలు విషయం. నేరేడు ముందు కాలికి సూది గుచ్చి, ఊడిపోకుండా గులాబీ రంగు టేపు చుట్టారు. బల్ల మీద టవల్‌లో పడుకుని ఉంది. టీకా నిజంగా వేశాడేమో, ఏ కంపెనీదో కనుక్కోండి అని డాక్టర్ గారు అంటే ఫోన్ చేశాను. అప్పటికి నాకు కోపం కూడా లేదు. భయం ఒక్కటే.

"అన్నా, మేం తీసుకున్న పిల్లకి పార్వో అంట" అన్నాను.

"మీది కూడానా?" అన్నాడు.

ఆ రెండు మాటలే. తర్వాత నాలుగైదు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. డాక్టర్ గారు సిరంజిలోకి మందు లాగుతున్నవారు ఆగిపోయి నా వైపు చూశారు. మా ఆవిడ కూడా చూసింది. అమ్మినాయనకి తెలుసు. మాకు అమ్మే ముందో, అమ్మిన మర్నాడో, అదే ఈతలో పుట్టిన పిల్లలు పడిపోతున్నాయని ఆయనకి ఫోన్లు వచ్చాయి. మంగళవారం రాత్రి "నీళ్ళు మారాయి" అని చెప్పేటప్పటికైనా తెలిసే ఉండాలి. అప్పుడు ఒక్క మాట, పార్వో ఏమో చూపించుకో అని ఒక్క మాట అని ఉంటే ఆ రాత్రే బయల్దేరేవాళ్ళం. డబ్బులు వెనక్కి ఇవ్వమని నేను అడగలేదే. ఒక్క మాట.

తేరుకుని, "అదే, ఈ సీజన్లో అందరికీ వస్తా ఉంది అంటున్నా" అన్నాడు. టీకా ఎవరు వేశారని అడిగితే గొంతు మారిపోయింది. ఆదివారం దాకా సార్, సార్ అన్నవాడు, "ఏమయ్యా, నా దగ్గర ఉన్నన్నాళ్ళు చక్కగా ఉండింది. మీ ఇంట్లో ఏం పెట్టారో, యాడ తిప్పారో నాకేం తెలుసు? ప్రాణం ఉన్నదానికి గ్యారంటీ ఎవరిస్తారు?" అన్నాడు. ఆ తర్వాత, బల్ల మీద అది మూలుగుతుండగానే, "కావాలంటే దాని తోడుదే ఇంకోటి ఉంది, 8,000కి ఇస్తా తీసుకుపో" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేశాను. ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు అనాల్సినవన్నీ గుర్తొస్తున్నాయి.

మీ ఇంట్లోనే అంటుకుంది అన్న మాటకి డాక్టర్ గారే జవాబు చెప్పారు. వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. మా ఇంటికొచ్చి రెండు రోజులకే తిండి మానేసింది. అంటే ఆ అట్టపెట్టెలో ఎక్కేటప్పటికే దాని ఒంట్లో ఉంది.

మొదటి రోజు పరీక్షలు, సెలైన్, ఇంజెక్షన్లు కలిపి 3,400. గురు, శుక్రవారాలు రోజుకి 2,100. శనివారం 2,600. కారుకి 1,800. నెల్లూరు వేదాయపాలెంలో మా అక్క ఇల్లు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే రోజూ కావలి నుంచి 50 కిలోమీటర్లు పైనే వెళ్ళి రావాలి. పిల్ల ఖరీదుతో కలిపి 23,000. ఎలక్ట్రికల్ షాపులో నా జీతం 22,000. డాక్టర్ గారి మీద నాకు ఒక్క మాట లేదు, ప్రతి రూపాయి దేనికో ముందే చెప్పారు, శుక్రవారం మందుల ఖర్చే తప్ప తన ఫీజు తీసుకోలేదు కూడా.

శుక్రవారం రాత్రి వాంతులు తగ్గాయి. తోక కొంచెం ఆడించింది. పాపకి వీడియో కాల్‌లో చూపించాం. శనివారం పొద్దునకి మళ్ళీ చల్లబడిపోయింది. తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు, కానీ ఈ స్థితిలో 130 కిలోమీటర్లు తట్టుకుంటుందని చెప్పలేను అన్నారు. నేను ఆలోచించి చెప్తానని బయటికొచ్చాను. బయట నిలబడి నేను లెక్కేసుకున్నది కారు బాడుగ. తీసుకెళ్ళినా బతికేది కాదని డాక్టర్ గారు తర్వాత అన్నారు. అయినా నేను లెక్కేసుకున్నాను, అది మాత్రం నిజం. సాయంత్రం 5 దాటాక మా ఆవిడ ఒళ్ళోనే పోయింది. గులాబీ టేపు అట్టాగే ఉంది, తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఇంటికొచ్చాక పాప అడిగింది, "నాన్నా, దానికి మనం పెట్టిన పెరుగన్నం వల్లనా?" అని. కాదని చెప్పాను. నమ్మినట్టు లేదు. పదేళ్ళ పిల్ల మనసులో ఆ మాట పెట్టింది ఎవరు?

పొద్దున మా ఆవిడ తన ఫోన్ నుంచి, కొనేవాళ్ళలాగా ఆయనకి చేసింది. "పిల్లలు ఆరోగ్యంగా ఉన్నాయా అండీ, పార్వో అదీ తిరుగుతోందంట కదా" అని అడిగింది. "మా దగ్గర ఇంతవరకు ఒక్కదానికి జలుబు కూడా రాలేదమ్మా. రేపు ఆత్మకూరు బస్టాండ్ దగ్గరికి రండి, నేనే తెచ్చిస్తా" అన్నాడు. తడుముకోలేదు. రికార్డు చేసి పెట్టుకున్నాం.

ఇప్పుడు తెలుసుకున్నవి, నాలాగా తర్వాత కాదు, ముందే పనికొస్తాయని రాస్తున్నాను. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లోనే ఉంది. పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఆ కాగితం అడగండి. తల్లిని, మిగతా పిల్లలను వాళ్ళు ఉండే చోటే చూడండి. కార్డులో స్టిక్కర్, డాక్టర్ నంబర్ లేకపోతే టీకా వేయనట్టే. తెచ్చిన రోజే డాక్టర్‌కి చూపించండి. పాలు మానేస్తే అమ్మినవాడికి కాదు, డాక్టర్‌కి ఫోన్ చేయండి. డబ్బు ఫోన్‌లోనే పంపండి, రుజువు ఉంటుంది. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేస్తున్నాను, కార్డు, రసీదులు, డాక్టర్ గారు రాసిచ్చిన కాగితం పెట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాను. ఆయన దగ్గర పిల్ల పోగొట్టుకున్న మిగతావాళ్ళు మీ కార్డులు, రసీదులు పారేయకండి, కలిసి వెళ్దాం.

ఇంట్లో ఈ జబ్బు వచ్చినవాళ్ళు ఇంకో మాట వినండి. ఈ వైరస్ మామూలు ఫినాయిల్‌కి చావదు, నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. బ్లీచింగ్ వాడాలి. టీకాలు పూర్తికాని పిల్లను ఇప్పట్లో ఆ ఇంటికి తేకూడదు. గోనెపట్టా, గిన్నె కాల్చేశాం. మా వీధి చివర ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టుకుని ఉంది. పొద్దున్నే లేచి గేటు నుంచి అక్కడి దాకా రోడ్డు కడిగాను.

ఇది రాస్తుండగానే గ్రూపులో మళ్ళీ ఫోటో వచ్చింది. అదే నీలం దుప్పటి, అవే నెమళ్ళు. మూడు పిల్లలు. ఎడమ చివరదాని ఛాతీ మీద నేరేడుకి ఉన్నట్టే తెల్ల మచ్చ ఉంది, అది తల వాల్చేసి ఉంది. కింద "లాస్ట్ 3, త్వరపడండి" అని రాశాడు. ఎవరైనా అడ్వాన్స్ కట్టి ఉంటే ఇవాళే ఆయన్ని పిల్లతో సహా డాక్టర్ దగ్గరికి రమ్మనండి. వస్తాడేమో చూడండి.