ఎన్‌ఎస్‌ఎక్స్‌తో తొమ్మిదేళ్లు: స్టీరింగ్ గురించి మాత్రమే

హోండా స్పోర్ట్స్ కారు ఎన్‌ఎస్‌ఎక్స్ అనగానే చెప్పే అల్యూమినియం బాడీ, వీటెక్ ఇంజన్, జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో ఫార్ములా వన్ రేసర్ సెన్నా నడిపి చూసిన కథ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. నాది 1991 అక్యూరా (అమెరికాలో హోండా వాడే పేరు) ఎన్‌ఎస్‌ఎక్స్, మాన్యువల్ గేర్లు. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, బే ఏరియాలో తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. ఇన్నేళ్లయినా నన్ను దీనికి కట్టిపడేసింది స్టీరింగే.

దీనికి పవర్ స్టీరింగ్ లేదు. అప్పట్లో ఆటోమేటిక్‌కే ఇచ్చారు, మాన్యువల్‌కి 1995 మోడల్‌తో గానీ రాలేదు. ఇంజన్ వెనకాల ఉంది కాబట్టి ముందు చక్రాల మీద బరువు తక్కువ. బండి కదిలితే చాలు, చెయ్యి తేలికపడుతుంది. ఫ్రీవేలో లేన్ మారితే లేన్ల మధ్య గీత మీద అక్కడక్కడా ఉండే గుండ్రటి బొడిపెలు ఒక్కొక్కటీ వేళ్లకి విడివిడిగా తగులుతాయి. కొండల మీది స్కైలైన్ రోడ్డు మలుపుల్లో స్టీరింగ్ బరువెక్కుతూ వస్తుంది, ముందు టైరు పట్టు సడలబోతుంటే ఆ బరువు సన్నగా తగ్గుతుంది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది తెనాలిలో, అంబాసిడర్ మీద. ఆ స్టీరింగ్‌లో బరువుండేది గానీ కబురుండేది కాదు.

నాలుగో ఏడు ఆ కబురు ఆగిపోయింది. దగ్గర్లోని ఒక షాపులో నాలుగు టైర్లూ మార్పించి, అలైన్‌మెంట్ కూడా చేయించి, మర్నాడు పొద్దున్నే కొండెక్కాను. స్టీరింగ్ తేలిపోతోంది. తిప్పితే ముక్కు బద్ధకంగా తిరుగుతోంది, వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా ఒరుగుతోంది. మూడో మలుపులో భయమేసి వెనక్కి తిప్పేశాను. చక్రాల్ని తిప్పే స్టీరింగ్ ర్యాక్ పోయిందనుకున్నాను. రెండు వారాలు గరాజ్ తలుపు కూడా తీయబుద్ధి కాలేదు.

చివరికి ఈ బండ్లే చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లిఫ్ట్ ఎక్కించలేదు. జేబులోంచి గాలి గేజ్ తీసి, మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు టైర్లూ చూశాడు. కంపెనీ లెక్క ముందు 33, వెనక 40 పీఎస్ఐ. నా బండికి ముందు 40, వెనక 33 కొట్టి పంపారు. తర్వాత అలైన్‌మెంట్ కాగితం అడిగాడు. ముందు చక్రాలు ఈ బండికి కొద్దిగా బయటివైపు చూడాలి, ఆ షాపులో తిన్నగా ముందుకే చూసేలా పెట్టేశారు. గంటన్నరలో సరిచేసి ఇచ్చాడు. ఆ వీధి చివర మలుపు తిరుగుతుంటేనే అరచేతికి రోడ్డు తగిలింది. పక్కన ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మొదటి ఏడాది కనిపించినవాళ్లందరికీ ‘రోజూ ఆఫీసుకి వేసుకెళ్లగలిగే సూపర్‌కార్ ఇదొక్కటే’ అని చెప్పాను. చుట్టూ చూపు బాగా ఆనుతుంది, క్లచ్ తేలిక, ఏసీ చల్లగా వస్తుంది, అవన్నీ నిజమే. పార్కింగ్ సంగతి మాత్రం అప్పుడు చెప్పలేదు. ఆగిన బండికి స్టీరింగ్ తిప్పాలంటే భుజం బలమంతా పెట్టాలి. మావాడు మొదటిసారి కూర్చున్నప్పుడు ‘నాన్నా, లాక్ పడిందా?’ అని అడిగాడు. నాకు యాభై దాటాయి, కుడి భుజం పట్టేసి ఏడాదవుతోంది.

నాకు రోజూ తిరగడానికి వేరే కారుంది, కొండ రోడ్డు ఇంటికి ఇరవై నిమిషాలు. అందుకని నా వరకు నేను దీన్ని అమ్మను. ఇదొక్కటే కారుగా పెట్టుకుని ట్రాఫిక్‌లో తిరగాల్సినవాళ్లు మాత్రం 1995 మోడల్ నుంచి పవర్ స్టీరింగ్‌తో వచ్చిన బండిని కూడా ఒకసారి నడిపి చూడండి. ఏది కొన్నా, టైరు షాపులో తాళాలిచ్చేటప్పుడు ‘ముందు 33, వెనక 40’ అని పెద్దక్షరాలతో రాసి స్టీరింగ్‌కే అంటించి ఇవ్వండి. నేనిప్పుడు అలాగే ఇస్తున్నాను.